ఏ సీసాలో ఏముందో

ఒరేయ్ చిన్నోడా, ఆ నిప్పుల బేసిను అక్కడే దించు. గదిలోకి తీసుకెళ్లకు. మీ నాయనమ్మకి చలేస్తుంటే ఇంకో దుప్పటి కప్పండి, లేదంటే ఆవిడనే ఇక్కడికి రమ్మనండి, మంట దగ్గర కూర్చుంటుంది. బయట ఎంత మంటేసుకున్నా గాలికి పోతుంది. తలుపులూ కిటికీలూ బిగించిన గదిలో నిప్పులు పెట్టుకుని పడుకుంటే తెల్లారి లేస్తామో లేదో చెప్పలేం.

నవ్వుతావేంట్రా? పొగ పోయి ఎర్రగా కాగిన బొగ్గులు ఏం చేస్తాయనేగా నీ ధైర్యం? పొగైతే నయమే, కళ్లు మండి, దగ్గొచ్చి లేచి కూర్చుంటాం. ఈ బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. నెత్తుట్లో ప్రాణవాయువు ఉండాల్సిన చోటుని అది పట్టుకుంటుంది, అదీ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా. ముందు తలనొప్పి, తర్వాత వికారం, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోనే పోయేవాళ్లు.

మా రోజుల్లో పురిటి గదంటే చీకటి కొట్టే. బాలింతకి గాలి తగిలితే వాతం చేస్తుందని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేవాళ్లు. మంచం పక్కన కుంపటి, అందులో వాము, సాంబ్రాణి. ఆ పిల్ల తలనొప్పి అన్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా గాలి సోకిందనేవాళ్లు. నిజానికి ఆ గదిలో సోకనిది గాలే. మా వీధిలో పురుళ్లు పోసే ముసలమ్మ ఒకావిడ ఉండేది. అక్షరమ్ముక్క రాదు. కుంపటి లోపలికి రావాలంటే కిటికీ రెక్క తీసి ఉండాల్సిందే అనేది. అత్తగార్లు గొణిగితే, "అయితే మీరే పొయ్యండమ్మా పురుడు" అని చెంగు దులుపుకుని లేచేది. శాస్త్రం తెలిసి కాదు, మూసిన గదుల్లో ఏం జరిగిందో కళ్లారా చూసిన మనిషి. మొన్న మీ పెదనాన్న ఫ్లాటుకి వెళితే బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంది, వెంటిలేటరుకి దోమలొస్తాయని అట్ట అంటించారు. ఆ అట్ట పీకేసిందాకా నేను స్నానానికి వెళ్లలేదు. ముసలాడి చాదస్తం అనుకున్నారు, అనుకోనీ.

సరే, కథ చెప్పమన్నారుగా. దయ్యాల కథలు మీ నాయనమ్మ చెబుతుంది, నేను నా ఆస్పత్రి కథలు చెబుతాను. చద్దామని మింగినవాళ్ల సంగతి వద్దు, అది వేరే దుఃఖం. తెలియక మింగినవాళ్ల మాటే చెబుతాను. నేను కాంపౌండరుగా చేసినన్నాళ్లూ చూసింది ఏమిటంటే, అలా వచ్చినవాళ్లలో చాలామంది దగ్గరికి విషం విషంలా రాలేదు. కూర గిన్నెలో వచ్చింది, సోడా సీసాలో వచ్చింది, నూనె డబ్బాలో వచ్చింది.

గిన్నెతో మొదలుపెడతాను. ఇప్పుడు మనింట్లో అన్నీ స్టీలే. అప్పుడు వంటంతా ఇత్తడిలో, రాగిలో. వాటికి లోపల తగరం పూత ఉండాలి, దాన్నే కళాయి అంటారు. ఆ పూత అరిగిపోయిన గిన్నెలో చింతపండు పులుసో, మజ్జిగ పులుసో పెట్టారంటే పులుపుకి రాగి దిగి చిలుము పడుతుంది. అది తిన్నవాళ్లకి కడుపులో మెలిపెట్టి వాంతులు, విరేచనాలు. అందుకే మా అమ్మ రోజూ తోమేటప్పుడు గిన్నె అడుగు వెలుతురుకి పెట్టి చూసేది. ఒక్కచోట పచ్చగా ఇత్తడి మెరిసిందంటే ఆ గిన్నె అటక మీదికి, కళాయి సాయిబు వచ్చిందాకా దించేది కాదు.

ఆయన వస్తే మాకు పండగే. చింతచెట్టు కింద చిన్న గుంట తవ్వి బొగ్గులు పోసి తోలుతిత్తి పెట్టేవాడు. తిత్తి నొక్కడానికి పిల్లలం పోట్లాడుకునేవాళ్లం. గిన్నెని పట్టకారుతో పట్టుకుని నిప్పుల మీద తిప్పి తిప్పి కాల్చి, చిటికెడు నవాసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లటి ఘాటు పొగ లేచేది. ఆ వేడి మీదే తగరం కడ్డీ ఒకసారి తాకించి, దూది ఉండతో గబగబా లోపలంతా రుద్దేవాడు. చూస్తుండగానే నల్లటి గిన్నె వెండిలా తిరిగేది. వెంటనే తొట్టి నీళ్లలో ముంచితే చుయ్యిమని చప్పుడు. చేతికిచ్చేముందు మా అమ్మ అడిగే మాట ఒకటే: "తగరమేనా, సీసం కలిపావా?" సీసం చవక. సీసం కలిస్తే గిన్నె మెరుస్తుంది గానీ కూరలోకి దిగేది ఇంకా పెద్ద విషం, అది పిల్లల బుర్రకి చేటు. అడగడం తెలిసిన ఆడవాళ్లుండబట్టి ఎన్నో ఇళ్లు గట్టెక్కాయి.

పెళ్లిళ్లలో మాత్రం ఆ జాగ్రత్త ఉండేది కాదు. అద్దె గుండిగల్లో రాత్రి పులుసు మిగిలిపోయేది, తెల్లారి అదే వడ్డించేవాళ్లు, మధ్యాహ్నానికి మగపెళ్లివారంతా చెంబులు పట్టుకుని చేలోకి పరుగు. దిష్టి తగిలిందనేవాళ్లు.

ఈ పాత సోది ఇప్పుడెందుకు అనకండి. ఇత్తడి, రాగి మళ్లీ ఫ్యాషనయ్యాయి. కోడలా, నువ్వు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ ఇత్తడి కడాయి లోపల కళాయి ఉందో లేదో చూడు. లేకపోతే అందులో చారు, పులుసు, టమాటా ఏదీ పెట్టకు. రాగి సీసాలో మామూలు నీళ్లు తాగితే తాగండి గానీ నిమ్మకాయ పిండుకోకండి.

ఇక సీసాల సంగతి. ఆ రోజుల్లో సర్కారు ఆస్పత్రికి రోగి వస్తే మిక్చరుకి సీసా వాడే తెచ్చుకోవాలి. మేం పోసి, కాగితం ముక్కని డోసుల లెక్కన కత్తెరతో పళ్లుగా కత్తిరించి సీసాకి అంటించేవాళ్లం. వాళ్లు తెచ్చేవి ఏ సీసాలనుకున్నారు? సారా సీసాలు, సిరా సీసాలు, కిరసనాయిలు సీసాలు, ఒక్కోసారి పురుగుమందు సీసాలు. నాకు పని నేర్పిన పెద్ద కాంపౌండరు గారు ముందు సీసా ముక్కు దగ్గర పెట్టుకునేవారు. వాసనొస్తే కడిగి తెమ్మనడం కూడా లేదు, వెనక చెత్తగుంటలో పడేసి వేరేది ఇచ్చేవారు. "కడిగాం అంటారురా, కడిగినట్టు కనిపిస్తుంది కూడా" అనేవారు. విషపు మందుల సీసాలకైతే బయట గరుకుగా నిలువు గీతలుండేవి, చీకట్లో తడిమినా చేతికి తెలిసేలా. బీరువాకి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకి. ఆస్పత్రిలో అంత పకడ్బందీ. ఇళ్లలో? కిరసనాయిలు సోడా సీసాలో పోసి పొయ్యి పక్కన నేల మీద పెట్టేవాళ్లు.

ఎండాకాలం వచ్చిందంటే వారానికొకళ్లు వచ్చేవాళ్లు, రెండేళ్లవాడో, మూడేళ్లవాడో. దాహమేసి నీళ్లనుకుని ఒక గుక్క తాగేవాడు. ఆ ఒక్క గుక్కతో ప్రాణం పోయేది చాలా అరుదు. ఇంట్లోవాళ్లు చేసే వైద్యంతో ముప్పు ముంచుకొచ్చేది. గొంతులో వేలు పెట్టి కక్కించేవాళ్లు, ఉప్పునీళ్లు పట్టేవాళ్లు, పేడనీళ్లు కూడా పట్టేవాళ్లు. కక్కినప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సాయంత్రానికి జ్వరం, ఆయాసం, డొక్కలెగరెయ్యడం. మా డాక్టరుగారు వరండాలోకి వచ్చి అరిచేవారు, "ఎవడ్రా కక్కించింది?" అని. యాసిడ్ తాగినా అంతే. దిగేటప్పుడు ఒకసారి కాల్చింది, పైకి తెస్తే రెండోసారి కాలుస్తుంది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: ఏది మింగినా సరే, ఇంట్లో కక్కించొద్దు. నోట్లో మిగిలింది ఉంటే తుడిచెయ్యండి, బట్టల మీద పడితే బట్టలు విప్పి ఒళ్లు కడగండి, పరుగున తీసుకెళ్లండి.

కిరసనాయిలు తర్వాత మన గుంటూరు సీమకి ఎండ్రిన్ వచ్చింది. పత్తికి పురుగు పట్టిన కాలం. ఆ మందు పేరే ఊళ్లల్లో విషానికి పేరైపోయింది, పురుగుమందు తాగాడనడానికి బదులు ఎండ్రిన్ తాగాడనేవాళ్లు. ఆ డబ్బా ఉందే, గట్టి రేకు, బిగుతైన మూత. మందు అయిపోయాక పారెయ్యబుద్ధయ్యేది కాదు. బూడిదా చింతపండూ వేసి తళతళలాడేలా తోమి కిరసనాయిలుకి ఒకటి, వేరుశనగ నూనెకి ఒకటి వాడుకునేవాళ్లు. ఎండ్రిన్ నీళ్లలో కరగదు. అందుకని ఎన్ని నీళ్లు పోసి కడిగినా రేకుని అంటిపెట్టుకునే ఉంటుంది. నూనె పోస్తే మాత్రం నూనెలోకి దిగుతుంది. ఆ నూనెతో గారెలొండిన ఒక ఇంటి పిల్లల్ని ఎడ్లబండిలో వేసుకొచ్చారు, ఒకడి తర్వాత ఒకడికి ఫిట్సు. ఎండ్రిన్‌కి విరుగుడు లేదు. ఫిట్సు ఆగేలా ఇంజెక్షనిచ్చి, నాలుక కొరుక్కోకుండా చూసుకుంటూ రాత్రంతా కూర్చోవడమే. ఆ ఇంటి ముసలాయన గేటు దగ్గర నిలబడి అంటున్నాడు, "డబ్బా నేనే తోమాను బాబూ, మూడుసార్లు తోమాను" అని.

ఇంకో చిక్కు చెబుతాను, ఇది మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు. మందు కేసంటే పోలీసు కేసు అవుతుందని జనానికి భయం. అందుకని డబ్బా దాచేసేవాళ్లు, దారిలో కాలవలో పారేసేవాళ్లు. ఏం మింగాడయ్యా అంటే "ఏదో అన్నం పడలేదండీ" అనేవాళ్లు. మరి మందుని బట్టి వైద్యం మారుతుంది కదా! పారథియాన్ లాంటి మందైతే కనుపాప ఆవగింజంత అయిపోతుంది, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, రొమ్ములో గరగర. దానికి అట్రోపిన్ ఉంది. నిమిషాల లెక్కన గుచ్చుతూ, రొమ్ములో తడి ఆరిందాకా ఆపకూడదు. ఆంపూళ్లు పగలగొట్టి పగలగొట్టి నా బొటనవేలు తెగేది. అట్రోపిన్ ఎక్కిన మనిషి గాల్లో ఏవో ఏరుకుంటూ, పక్కగుడ్డ పీకుతూ సంధి మాటలు మాట్లాడతాడు. బంధువులు హడలిపోయేవాళ్లు గానీ మాకు అప్పుడే ఊపిరాడేది, ఇక బతుకుతాడని. అదే ఎండ్రిన్ అయితే ఇదేమీ పనిచెయ్యదు. ఏదో తేల్చుకోడానికి కళ్లలోకి టార్చి వేసి, నోరు వాసన చూసి అరగంట పోయేది. డబ్బా తెచ్చి ఉంటే ఆ అరగంట మిగిలేది. మీ తరం వాళ్లయినా డబ్బా, సీసా, మాత్రల అట్ట ఏది దొరికితే అది, చిరిగిపోయినా సరే, ఆస్పత్రికి పట్టుకెళ్లండి.

ఎండ్రిన్‌ని మన దేశంలో 1990లో నిషేధించారు. ఇళ్లలో చీమలకి చల్లుకునే గమాక్సిన్ ఉందే, బి.హెచ్.సి. పొడి, దాన్ని 1997లో ఆపేశారు. అది ముగ్గుపిండి పక్కనే ఉండేది అరుగు మీద. పేలకని ఆడపిల్లల తలకి రుద్ది గుడ్డ కట్టిన తల్లుల్ని నేనెరుగుదును. తలమీంచి లోపలికి ఎలా పోతుందండీ అని అడిగేవాళ్లు. పోతుంది. పేలు చచ్చేవి, పిల్లకి ఫిట్సొచ్చేవి.

మన ఒక్క సీమ కథ కూడా కాదిది. 1958లో కేరళలో వందమందికి పైగా చచ్చిపోయారు. తిండిసరుకు వచ్చిన ఓడలోనే ఫాలిడాల్ పురుగుమందు కూడా వచ్చింది, అది కారి సరుకుకి అంటింది. ఆ గొడవ తర్వాతే దేశానికి పురుగుమందుల చట్టం వచ్చింది, 1968లో. మందు డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు గుర్తులు చూస్తారే, ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. తక్కువ అన్నారు గానీ తాగొచ్చని అనలేదు. చట్టం వచ్చి ఎన్నేళ్లయినా డబ్బా బుద్ధి మారలేదు. 2013 జూలై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ తేలింది. నూనె తేడాగా ఉందని వంటామె చెప్పిందని అప్పట్లో పేపర్లు రాశాయి. చెప్పినా వండించారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా ఆస్పత్రి గేటు దగ్గరి ముసలాయనే గుర్తొచ్చాడు.

చెట్ల సంగతి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. పచ్చగన్నేరు కాయలతో ఆడుకోవడం, అడవి ఆముదం గింజలు పప్పులనుకుని నమలడం, ఉమ్మెత్త కాయ పగలగొట్టడం. గన్నేరు పప్పు గుండెని పట్టుకుంటుంది. గురివింద గింజ అలాగే మింగితే చాలాసార్లు బయటికి పోతుంది, నమిలితేనే ముప్పు. దండకి సూదితో బెజ్జం వేసిన గింజ ఇంకా చెడ్డది. బడి చుట్టూ కంచెకి అడవి ఆముదం నాటినవాడి తెలివికి దండం పెట్టాలి.

ఇప్పుడు మీ ఇళ్లకొద్దాం. ఎండ్రిన్ లేదు, కిరసనాయిలు లేదు, హాయి అనుకుంటున్నారా? బాత్రూం కడిగే యాసిడ్ కూల్‌డ్రింకు సీసాలో పోసి సింకు కింద పెట్టింది ఎవరు? నేను అడగను, ఎవరో వాళ్లకి తెలుసు. దాన్నీ బ్లీచింగు పొడినీ కలిపి కడిగితే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో ఊపిరాడదు. దోమల మందు రీఫిల్ గోడకి అడుగు ఎత్తులో పెట్టి పాకే పిల్లాడి అందుబాటులో ఉంచారు. కలరా ఉండలు బీరువాలో సరే, బాత్రూం మూల ఎందుకు? తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంటులా ఉంటాయి.

ఎలుకల పేస్టు సంగతి వేరుగా చెప్పాలి. టమాటా ముక్కకో, పకోడీకో పూసి మూలన పెడతారు. మింగిన పిల్లాడు ఒకసారి కక్కి, మర్నాటికి లేచి ఆడుకుంటాడు. తగ్గిపోయిందని ఇంటికి తీసుకుపోతారు. ఆ మందు లివరుని పట్టేది రెండుమూడు రోజులయ్యాక, కళ్లు పచ్చబడ్డాక. ఆడుకుంటున్నాడని మోసపోవద్దు, డాక్టరు పంపిస్తేనే ఇంటికి రావాలి. బియ్యం బస్తాలో పురుగుకని వేసే బిళ్లలు కూడా అంతే ప్రమాదం. గాలిలో తేమ తగిలితే చాలు, విషవాయువు వదులుతాయి. ఆ బస్తా పక్కన ఎవరూ పడుకోకూడదు. అసలు ఆ బిళ్లలు ఇంట్లోకే రాకూడదు.

అన్నిటికంటే నాకు భయమేసేది నా మాత్రల డబ్బా. షుగరు మాత్ర ఒక్కటి చాలు, రెండేళ్ల పిల్లాడికి చక్కెర పడిపోయి స్పృహ తప్పడానికి. కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే ఐరన్ మాత్రలు పైన తీపి పూతతో ఎర్రగా నిగనిగలాడతాయి, ఎక్కువ మింగితే పసిపిల్లల ప్రాణానికే ముప్పు. పిల్లాడు మందు తాగనంటే "చాక్లెట్టు నాన్నా" అని పెట్టడం మానండి. రిమోటులో ఉండే బొత్తాం లాంటి బ్యాటరీ మింగాడని అనుమానం వస్తే తెల్లారనిద్దాం అనుకోవద్దు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చి పుండు చేస్తుంది.

మా కాలంలో బండి కట్టుకుని రావాలి, ఇప్పుడు ఫోనుంది. 108 బండి 2005 ఆగస్టు 15న అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం 1995 నుంచీ ఉంది, పగలూ రాత్రీ పలుకుతారు, ఫోను ఖర్చు కూడా లేదు. ఏం మింగాడు, ఎంత మింగాడు, ఎంతసేపయింది, బరువెంత, ఈ నాలుగూ చెబితే చాలు. అమ్మాయ్, నీ చేతిరాత బాగుంటుంది, రేపు పొద్దున్నే పెద్ద అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు: 1800 116 117.